వదిలేయడంలో పనితనం

మన్‌హటన్‌లో ఐదో అవెన్యూ మీదా ఆరో అవెన్యూ మీదా ట్రాఫిక్ సిగ్నల్ స్తంభాలకు కొన్నేళ్ల కిందట చిన్న రేడియో పెట్టెలు బిగించారు. న్యూయార్క్ నగర రవాణా శాఖ నడిపిన ప్రయోగం అది. అమెరికా కేంద్ర రవాణా శాఖ 2015లో ఇలాంటివి మూడింటిని ఎంపిక చేసింది. తక్కిన రెండూ ఫ్లోరిడాలోని టాంపా నగరంలో, వ్యోమింగ్ రాష్ట్రపు హైవే మీద జరిగాయి. న్యూయార్క్‌లో దారి పక్కన సుమారు 450 పెట్టెలు, సుమారు 3,000 వాహనాల్లో వాటితో మాట్లాడే పరికరాలు పెట్టారు. కూడలిలోని పెట్టె ఏ దారికి ఏ రంగు వెలుగుతోందో, అది ఎంతసేపట్లో మారుతుందో సెకనుకు పదిసార్లు గాలిలోకి చెప్పేది. వాహనంలోని పరికరం తానెక్కడుందో, ఎంత వేగంతో ఎటు పోతోందో అదే లెక్కన చెప్పేది. ఈ రెండూ సరిచూసుకుని, ఎర్రదీపం దాటేలా ఉన్న డ్రైవరును పరికరం ముందే హెచ్చరించేది.

వినడానికి చిన్న పనే. దీనికోసం అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ మేర జాగాను 1999లోనే కేటాయించింది. ఆ జాగాకు తగిన రేడియో ప్రమాణం 802.11 పి మాత్రం ఐట్రిపుల్‌ఈ సంస్థ నుంచి 2010లో వెలువడింది. ఆ ప్రమాణాన్నీ, దాని మీద నిలిచిన సందేశాల పట్టికనూ, భద్రతా ఏర్పాటునూ దగ్గరగా చదివితే ఆ మధ్య కాలంలో ఎంత ఆలోచన జరిగిందో తెలుస్తుంది. ఇంట్లో వాడే వైఫైని తీసుకుని, రోడ్డుకు పనికిరానివన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చారు. నగర వీధిని వాహనంతో కలిపే ఈ రేడియో గొప్పదనమంతా ఆ తీసివేతల్లోనే ఉందని నా నమ్మకం. వాటిని ఒక్కొక్కటిగా పరిచయం చేస్తాను.

పలకరింపు తీసేశారు

మన ఫోను వైఫైకి కలవాలంటే ఒక తంతు నడవాలి. చుట్టూ ఏ నెట్‌వర్కులున్నాయో వెతకాలి. ఒకదాన్ని ఎంచుకుని తానెవరో చెప్పుకోవాలి, చేర్చుకోమని అడగాలి, ఆపైన ఐపీ అడ్రసు తీసుకోవాలి. ఇంట్లో కూర్చున్న మనిషికి ఇందులో రెండు సెకన్లు పోయినా నష్టం లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ రెండు సెకన్లలో 28 మీటర్లు దాటేస్తుంది. మేడ చాటు నుంచి అడ్డంగా వస్తున్న బండికి ఈ కారు సంగతి తెలిసేసరికి రెండూ కూడలి మధ్యలో ఉంటాయి.

అందుకే 802.11 పి మొదట ఈ తంతునంతటినీ ఎత్తేసింది. వెతకడం లేదు, చేరడం లేదు, అనుమతి అడగడం లేదు. ప్యాకెట్‌లో నెట్‌వర్కు గుర్తు ఉండవలసిన 48 బిట్ల జాగాలో అన్నీ ఒకట్లే నింపుతారు. ఈ మాట ఏ ఒక్క నెట్‌వర్కుకూ చెందింది కాదని దాని అర్థం. ఆ ఛానెల్ వింటున్న ఏ రేడియో అయినా దాన్ని అందుకోవచ్చు. మన ఊళ్లలో దండోరా వేసే మనిషి ఏ ఇంట్లో ఎవరున్నారో కనుక్కుని చెప్పడు. వీధి మొగలో డప్పు కొట్టి, చెప్పవలసింది చెప్పి, ముందుకు సాగిపోతాడు. ఈ రేడియో పద్ధతీ అదే.

అందరికీ వేసే మాట కాబట్టి అందిందన్న రసీదు కూడా ఉండదు. వంద బండ్లున్న కూడలిలో ప్రతి మాటకూ వంద రసీదులు రావడం మొదలైతే అసలు మాటలకు చోటు మిగలదు. మధ్యలో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపే ప్రయత్నమూ చెయ్యరు. సెకనులో పదో వంతు గడిచేసరికి కొత్త స్థానంతో కొత్త మాట ఎలాగూ వస్తుంది. ఆలోపు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు కదిలేది 1.4 మీటర్లు. పాతబడిన మాటను బతికించడానికి గాలిలో జాగా ఖర్చు చెయ్యడం దండగని రూపకర్తలు తేల్చుకున్నారు. సినిమా చూడటానికి పనికిరాని పద్ధతి ఇది. రోడ్డుకు సరిగ్గా కావలసింది ఇదే.

వేగం సగం చేశారు

రెండో నిర్ణయం మరింత అందమైనది. 802.11 పికి మూలం 1999 నాటి 802.11 ఎ. అందులో సమాచారాన్ని పక్కపక్కన నడిచే 52 సన్నని ఉపతరంగాల మీద పంచి పంపుతారు. 48 సమాచారాన్ని మోస్తాయి, మిగిలిన నాలుగూ సంకేతం దశలో, పౌనఃపున్యంలో వచ్చే చిన్న జారుడును సరిచేసుకోవడానికి పనికొస్తాయి. రోడ్డు కోసం ఈ నిర్మాణంలో ఒక్క ఇటుకా కదపలేదు. దాన్ని నడిపే గడియారాన్ని మాత్రం సగం వేగానికి దించారు. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్ 10 మెగాహెర్ట్జ్ అయింది. సెకనుకు 54 మెగాబిట్ల గరిష్ఠ వేగం 27కు దిగింది. ఒక్కో సంకేతం నిడివి 4 మైక్రోసెకన్ల నుంచి 8 మైక్రోసెకన్లకు పెరిగింది.

చేతిలో ఉన్న వేగాన్ని ఎందుకు వదులుకున్నారు? నగరంలో రేడియో తరంగం ఒక్క దారినే రాదు. నేరుగా వచ్చిన దాని వెనకే అద్దాల మేడను తాకినదీ, ఆగి ఉన్న బస్సును తాకినదీ, దూరపు వంతెనను తాకినదీ కొంచెం కొంచెం ఆలస్యంగా వస్తాయి. ఆలస్యంగా వచ్చిన నకలు తర్వాతి సంకేతం మీద పడితే మాట చెడిపోతుంది. ఆ చేటు తప్పించడానికి ప్రతి సంకేతానికీ ముందు కొంత రక్షణ వ్యవధి ఉంచుతారు. ఇంటి వైఫైలో అది 0.8 మైక్రోసెకను. ఆ సమయంలో తరంగం 240 మీటర్లు పోతుంది. గదిలోని ప్రతిఫలనాలకు అది ధారాళంగా సరిపోతుంది. పొడవాటి వీధిలో చాలకపోవచ్చు. గడియారం సగం కాగానే ఆ వ్యవధి 1.6 మైక్రోసెకన్లయింది. ప్రతిఫలించి వచ్చిన తరంగం నేరుగా వచ్చినదాని కంటే 480 మీటర్లు అదనంగా తిరిగి వచ్చినా మాట నిలుస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. సంకేతం నిడివి పెరిగితే ఉపతరంగాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. వాటి మధ్య ఎడం 312.5 కిలోహెర్ట్జ్ నుంచి 156.25 కిలోహెర్ట్జ్‌కు తగ్గింది. బండ్లు కదులుతున్నాయి కాబట్టి డాప్లర్ ప్రభావం వల్ల తరంగాలు పక్కకు జరుగుతాయి. ఎడం మరీ తగ్గితే ఒకదాని మీదికి మరొకటి వస్తుంది. లెక్క వేసి చూడండి. ఎదురెదురుగా వస్తున్న రెండు బండ్ల ఉమ్మడి వేగం గంటకు 200 కిలోమీటర్లు అనుకుంటే, 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర డాప్లర్ జరుగుడు సుమారు 1,100 హెర్ట్జ్. ఉపతరంగాల ఎడంలో ఇది ఒక శాతం కూడా కాదు. ఒకవైపు మేడల ప్రతిఫలనాలు, మరోవైపు చక్రాల వేగం. రెండింటికీ తట్టుకునే చోటు వెతికి అక్కడ నిలబడ్డారు.

గడియారం మీదే చెయ్యి వెయ్యడానికి మరో కారణమూ ఉంది. రక్షణ వ్యవధిని విడిగా మార్చి ఉంటే కొత్త చిప్ తయారు చెయ్యవలసి వచ్చేది. గడియారం తగ్గిస్తే అప్పటికే విరివిగా తయారవుతున్న వైఫై చిప్ రూపకల్పనే దాదాపు అలాగే పనికొస్తుంది. మెర్సిడెస్-బెంజ్ ఉత్తర అమెరికా పరిశోధన విభాగానికి చెందిన డేనియల్ జియాంగ్, లూకా డెల్‌గ్రోసీ 2008లో ప్రచురించిన పత్రంలో ఈ ప్రమాణం వెనకున్న ఆలోచనను వివరించారు. వైఫై ప్రమాణంలో అవసరమైనంత మేరకే మార్పు చెయ్యాలన్న సంయమనం ఆ పత్రం పొడవునా కనిపిస్తుంది. కొత్తది కనిపెట్టగల సత్తా ఉండీ ఉన్నదానితో సరిపెట్టుకోవడానికి ఇంజనీరుకు చాలా నిగ్రహం కావాలి.

మాటను కొలిచి పెట్టారు

రేడియో ఎలా పంపుతుందో చూశాం. ఇక ఏం పంపుతుందన్నది చూడాలి. వాహనం చెప్పే మాటలోని ప్రతి అంశాన్నీ ఎస్‌ఏఈ సంస్థ జె2735 అనే ప్రమాణంలో నిర్వచించింది. అక్షాంశ రేఖాంశాలను డిగ్రీలో కోటో వంతు వరకు రాస్తారు. నేల మీద అది సుమారు 1.1 సెంటీమీటరు. వేగాన్ని సెకనుకు 0.02 మీటరు మెట్లలో, వాహనం ముఖం ఎటుందన్నది 0.0125 డిగ్రీ మెట్లలో చెబుతారు. ఎత్తు, స్టీరింగ్ మలుపు, త్వరణం, బ్రేకు స్థితి, వాహనం పొడవు వెడల్పులు ఆ వెంట వస్తాయి.

సమయం చెప్పే పద్ధతి చూడండి. తేదీ లేదు, గంట లేదు, నిమిషం కూడా లేదు. నడుస్తున్న నిమిషంలో ఎన్నో మిల్లీసెకను అన్నది ఒక్కటే చెబుతుంది. వినేవాళ్లు కొన్ని వందల మీటర్ల లోపు ఉంటారు, అదే క్షణంలో వింటారు. ఏ గంట అన్నది వాళ్లకు తెలుసు. తెలిసిన సంగతిని సెకనుకు పదిసార్లు చెప్పడం ఎందుకని వదిలేశారు.

తెలియని సంగతిని తెలియదని చెప్పే ఏర్పాటు ఈ పట్టికలో నాకు అన్నిటికంటే నచ్చినది. సొరంగంలో జీపీఎస్ అందకపోతే పరికరం అక్షాంశం జాగాలో 90,00,00,001 అన్న సంఖ్య పెడుతుంది. దాన్ని డిగ్రీల్లోకి మారిస్తే ధ్రువానికి అవతల, భూగోళం మీద ఎక్కడా లేని అక్షాంశం వస్తుంది. దాన్ని చూసి ఎవరూ నిజమైన చోటనుకుని పొరబడే వీల్లేదు. వేగం తెలియకపోతే 8,191. జీపీఎస్ అందినా దాని మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చెప్పే దీర్ఘవృత్తం కొలతలు ప్రతి సందేశంలోనూ ఉంటాయి. తన అనుమానాన్ని తనే మోసుకొచ్చే మాట ఇది. ప్రాణాలకు సంబంధించిన వ్యవస్థలో ఇంతకంటే గౌరవించదగిన గుణం లేదు.

దారి పక్క పెట్టె చెప్పే మాటలు రెండు రకాలు. మొదటిది కూడలి పటం, సెకనుకు ఒకసారి. కూడలికి ఒక కేంద్రబిందువు పెట్టుకుని, అక్కడి నుంచి ఒక్కో లేను ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఎలా వంగుతుందో చెబుతుంది. రెండోది సిగ్నల్ స్థితి, సెకనుకు పదిసార్లు. ఇక్కడ పరికరం పచ్చదీపం ఎప్పుడు ఆరుతుందో ఒకే అంకె చెప్పి ఊరుకోదు. ట్రాఫిక్‌ను బట్టి మారే సిగ్నల్ అలా మాటివ్వలేదు. అందుకని తక్కువలో తక్కువ ఎప్పుడు, ఎక్కువలో ఎక్కువ ఎప్పుడు అని రెండు హద్దులు చెప్పే వీలు పెట్టారు. ఇవ్వగలిగిన మాటే ఇవ్వాలన్న నియమం ఇక్కడా కనిపిస్తుంది.

ఇంత పొదుపుకు ఫలితం ఏమిటో చూద్దాం. సంతకం, సర్టిఫికెట్ (వాటి సంగతి తర్వాత చెబుతాను) కలుపుకుని ఒక సందేశం 300 బైట్లు అనుకుందాం. వాడుకలో ఉన్న 6 మెగాబిట్ల వేగంతో అది గాలిలో ఉండేది సుమారు 0.44 మిల్లీసెకను. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు మాట మొదలుపెట్టి ముగించేలోపు 6 మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది.

పేరు తీసేశారు

అసలు కష్టం భద్రత దగ్గర వచ్చింది. ఎవడో కొంటెవాడు ముందు బండి ఆగిపోయిందని అబద్ధపు మాట పంపితే వెనక బండ్లన్నీ హడలిపోతాయి. కాబట్టి ప్రతి మాటకూ సంతకం ఉండాలి. సంతకం ఉందంటే సంతకందారు ఎవరో తెలుస్తుంది. సెకనుకు పదిసార్లు సంతకం చేసి తిరిగే బండి ఎక్కడెక్కడికి వెళ్లిందో దారి పక్క పెట్టెలు పెట్టుకున్న ఎవరికైనా తెలిసిపోతుంది. మాట నమ్మదగినదై ఉండాలి, మాట్లాడిన మనిషి ఎవరో తెలియకూడదు. ఈ రెండు కోరికలూ మొదటి చూపులో పొసగనివి.

విలియం వైట్, ఆండ్రే వైమర్‌స్కిర్ఖ్, వీరేంద్ర కుమార్, థోర్‌స్టెన్ హేన్ 2013లో ప్రచురించిన పత్రం వీటిని పొసగించే దారి చూపింది. బండికి సంతకాన్ని ధ్రువీకరించే ఒక్క సర్టిఫికెట్ బదులు వారానికి ఇరవై చొప్పున మారుపేరు సర్టిఫికెట్లు ఇస్తారు. బండి కొద్ది నిమిషాలకోసారి ఒకదాన్ని వదిలి మరొకటి తీసుకుంటుంది. ఆ క్షణంలోనే రేడియో చిరునామానూ, సందేశంలోని తాత్కాలిక గుర్తునూ మార్చేస్తుంది. ఒక్కటి మారకుండా మిగిలినా పాత పేరుకూ కొత్త పేరుకూ ముడి దొరికిపోతుంది కాబట్టి అన్నీ కలిసి మారాలి.

మూడేళ్లకు లెక్కిస్తే ఒక్కో బండికి మూడు వేలకు పైగా సర్టిఫికెట్లు కావాలి. వాటన్నిటికీ చిన్న పరికరం వేల తాళంచెవులు, అంటే సంతకాలకు ఆధారమయ్యే సంఖ్యలు, తయారు చేసి అడగాలంటే భారం. అందుకని బండి ఒకే ఒక మూల తాళంచెవి ఇస్తుంది. నమోదు సంస్థ గణితం సాయంతో దాని నుంచి వేల తాళంచెవులు పుట్టిస్తుంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఒక్కోదానికి తన యాదృచ్ఛిక సంఖ్య కలిపి మరోసారి మారుస్తుంది. ఈ మూడు దశలకూ గొంగళి, గూడు, సీతాకోకచిలుక అని పేర్లు పెట్టుకున్నారు. అడిగిన బండి ఏదో మొదటి సంస్థకు తెలుసు, ఇచ్చిన సర్టిఫికెట్ ఏదో తెలియదు. రెండోదానికి సర్టిఫికెట్ తెలుసు, బండి తెలియదు. తెరిచే రహస్యం బండి దగ్గరే ఉంటుంది. ఏ ఒక్క సంస్థ చేతిలోనూ పూర్తి కథ లేకుండా పని నడుస్తుంది.

పరికరం చెడిపోయి తప్పు మాటలు పంపుతుంటే దాన్ని వెలివేసే దారీ ఉంది. ముడి విప్పే సమాచారాన్ని మరో రెండు సంస్థల మధ్య పంచారు. అవి సహకరిస్తేనే ఒక బండి మారుపేర్లన్నీ పోల్చుకోవచ్చు. అప్పుడు కూడా ఆ వారం నుంచి ముందుకు వాడే పేర్లే బయటపడతాయి. వెనకటి వారాల తిరుగుడు అలాగే రహస్యంగా ఉండిపోతుంది. తప్పు చేసిన పరికరం విషయంలోనూ దాని యజమాని గతాన్ని కాపాడిన ఈ ఏర్పాటు ముందు ఎవరైనా తల వంచవలసిందే.

న్యూయార్క్ వీధుల్లో

కాగితం మీద చక్కగా ఉన్నది వీధిలో నిలవాలి. మన్‌హటన్ ఎత్తయిన మేడల మధ్య జీపీఎస్ తప్పు దారి చూపుతుంది. ఉపగ్రహ సంకేతం ఎదుటి గోడను తాకి రావడంతో బండి పక్క వీధిలో ఉన్నట్టు తేలుతుంది. అక్కడి ఇంజనీర్లు దారి పక్క పెట్టెల సంకేతాలనే ఆసరా చేసుకుని బండి స్థానం సరిచేసే పద్ధతి కట్టారు. దానికి బండి కదలికను కొలిచే సెన్సర్ల లెక్కను జోడించారు. మాట చేరవేయడానికి పెట్టిన పెట్టె చోటు చెప్పడానికీ పనికొచ్చింది.

డ్రైవరు ముందు కొత్త తెర ఏదీ పెట్టలేదు. హెచ్చరిక చెవికి మాత్రమే వినిపించేది. రద్దీ వీధిలో కళ్లు రోడ్డు మీదే ఉండాలి కదా. పరికరాలలోని సాఫ్ట్‌వేర్‌ను కూడా గ్యారేజీకి పిలవకుండా వీధిలో పోతుండగానే ఆ రేడియో మీదుగా మార్చే వీలు చేశారు. పరిశోధకుల కోసం దాచిన సంఘటనల నుంచి కచ్చితమైన సమయాన్నీ చోటునూ చెరిపేశారు. కొన్ని బండ్లలో హెచ్చరిక లోపలే నమోదై, డ్రైవరుకు వినిపించకుండా ఉండేలా చేశారు. హెచ్చరిక విన్న డ్రైవర్లతో వినని డ్రైవర్లను పోల్చడానికి అది దారి. నిజాయితీగా కొలవాలనుకున్నవాళ్లు చేసే పని ఇది.

నిలిచినవీ నిలవనివీ

ఈ పనికి హద్దులున్నాయి. బండి మాట విని ప్రయోజనం పొందాలంటే రెండు బండ్లలోనూ పరికరం ఉండాలి. పది శాతం బండ్లలో ఉంటే ఎదురుపడిన రెండింటిలోనూ ఉండే అవకాశం నూటికి ఒక్కటే. కొత్త కార్లలో దీన్ని తప్పనిసరి చెయ్యాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2016 డిసెంబర్‌లో ప్రతిపాదించింది. అది నిబంధనగా మారలేదు. వీధి పక్క పెట్టెల విలువ ఇక్కడే తెలుస్తుంది. నగరం తన కూడళ్లలో పెట్టెలు పెడితే పరికరం ఉన్న ప్రతి బండికీ మొదటి రోజు నుంచే సిగ్నల్ మాట అందుతుంది. మరో బండి కోసం ఎదురుచూడనక్కర్లేదు.

రేడియోలోనూ లోపముంది. ప్యాకెట్ మొదట్లో దారిని ఒకసారి కొలిచి, ఆ కొలతనే చివరిదాకా నమ్ముకుంటుంది. వేగంగా కదిలే బండ్ల మధ్య పొడవాటి ప్యాకెట్ పంపితే చివరికొచ్చేసరికి ఆ కొలత పాతబడిపోతుంది. తర్వాతి తరం ప్రమాణం 802.11 బిడిలో ప్యాకెట్ మధ్య మధ్య మళ్లీ కొలుచుకునే గుర్తులు పెట్టి దీన్ని సరిచేశారు. పాత రేడియోలతో మాట కలవడం పోకుండానే సరిచేశారు.

పెద్ద దెబ్బ మరోచోట తగిలింది. 2020 నవంబర్‌లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 75 మెగాహెర్ట్జ్‌లో 45ని వైఫై వంటి వాడకాలకు ఇచ్చేసింది. మిగిలిన 30 మెగాహెర్ట్జ్‌ను మొబైల్ ఫోన్ల సాంకేతికత నుంచి పుట్టిన మరో పద్ధతి, సి-వి2ఎక్స్‌కు కేటాయించింది. అమెరికాలో 802.11 పి కాలం తీరిపోయింది. యూరప్‌లో ఇదే కుటుంబానికి చెందిన రేడియోను ఫోక్స్‌వాగన్ తన ఎనిమిదో తరం గోల్ఫ్ కార్లలో పెట్టింది.

అమెరికాలో రేడియో పోయినా పని పోలేదు. సి-వి2ఎక్స్ కూడా అవే జె2735 సందేశాలను పంపుతుంది, అవే మారుపేరు సర్టిఫికెట్లను వాడుతుంది. మాట వేరు, సంతకం వేరు, మోసే తరంగం వేరు అని మొదటి నుంచీ విడివిడిగా కట్టడం వల్ల అడుగున రేడియో మారినా పైనున్నది చెక్కుచెదరలేదు.

మరింత పైకి, 60 గిగాహెర్ట్జ్‌కు

కార్ల కెమెరాలు, లైడార్లు అనే లేజర్ సెన్సర్లు చూసినదాన్ని వీధితో పంచుకోవాలంటే 27 మెగాబిట్లు ఏ మూలకూ చాలవు. రాబర్ట్ హీత్, నూరియా గొంజాలెజ్-ప్రెల్సిచ్, వారి సహచరులు 2016లో మిల్లీమీటరు తరంగాలను ఈ పనికి ప్రతిపాదించారు. 60 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్క ఛానెల్ వెడల్పే 2,160 మెగాహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం 5 మిల్లీమీటర్లు. ఈ కొలత తరంగాల మీద ప్రపంచంలో మొదటి ప్రయోగాలు 1894-96 మధ్య కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ చేశారు. ఐట్రిపుల్‌ఈ 2012లో వాటిని మైలురాయిగా గుర్తించింది.

ఇక్కడ కావలసిన నేర్పు వేరు. ఒకే రకం యాంటెన్నాలతో 60 గిగాహెర్ట్జ్ దగ్గర అందే శక్తి 5.9 దగ్గర అందేదానిలో వందో వంతు. దాన్ని పూరించడానికి తరంగాన్ని సన్నని బీమ్‌గా కూర్చి పంపాలి. తరంగం చిన్నది కావడమే ఇక్కడ వరం. ఎనిమిది వరసల్లో ఎనిమిదేసి చొప్పున 64 యాంటెన్నాలు రెండు సెంటీమీటర్ల చదరంలో ఇమిడిపోతాయి. వాటి బీమ్ వెడల్పు పదమూడు డిగ్రీల లోపు. ఇరవై మీటర్ల దూరంలో అది కమ్మేది నాలుగున్నర మీటర్ల మేర. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోయే కారు దాన్ని 0.3 సెకనులో దాటేస్తుంది. ఆలోపు బీమ్‌ను మళ్లీ గురిపెట్టాలి. మధ్యలో బస్సు అడ్డొస్తే మరో దారి వెతకాలి.

అన్ని దిక్కులా వెతుకుతూ కూర్చుంటే సమయం అక్కడే అయిపోతుంది. పరిశోధకులు చూపిన దారి ముచ్చటైనది. బండి 5.9 గిగాహెర్ట్జ్ మీద తన చోటు, దిక్కు, వేగం ఎలాగూ చెబుతోంది. ఆ మాట విని, బీమ్‌ను ఆ చుట్టుపక్కల కొద్ది దిక్కులకే తిప్పి చూస్తే చాలు. వెతుకులాటలో చాలా భాగం తగ్గిపోతుంది. తక్కువ మాట్లాడే పాత రేడియో ఎక్కువ మోసే కొత్త రేడియోకు దారి చూపుతుంది.

మన రోడ్ల కోసం

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో డ్రైవరు లేని వాహనాల పరీక్షా క్షేత్రం తిహాన్ 2022లో ప్రారంభమైంది. బండ్లకూ వీధికీ మధ్య మాటలు పరీక్షించడానికి అలాంటి చోటు మనకు దగ్గర్లోనే ఉంది. అదే 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. అమెరికా రాసుకున్న కూడలి పటం లేన్ల ఆధారంగా నడుస్తుంది. మన చౌరస్తాల్లో లేను గీత ఉన్నా బండ్లు సందు దొరికినచోటల్లా నిలుస్తాయి; మోటారు సైకిళ్లు, ఆటోలు, నడిచేవాళ్లు ఒకే జాగాను పంచుకుంటారు. చోటు చెప్పడంలో మీటరున్నర తేడా కారుకు చిన్నది, మోటారు సైకిలుకు పెద్దది. కాబట్టి పటాన్నీ, హెచ్చరిక ఎప్పుడివ్వాలన్న లెక్కనూ మన వీధుల్లో నిలబడి కొత్తగా రాసుకోవాలి. మన కోసం మరొకరు ఆ పని చెయ్యరు.

ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలకు నాదొక మనవి. సారాంశాలతో ఆగిపోకండి. జె2735 సందేశాల పట్టికను ఒక్కసారి పూర్తిగా చదవండి. ప్రతి అంశం దగ్గరా ఇది ఎందుకుంది, పక్కన మరొకటి ఎందుకు లేదు అని అడగండి. మన కూడళ్ల కోసం ఇలాంటి వ్యవస్థ కట్టే రోజు వస్తే, ఖర్చు తగ్గించే పేరుతో మారుపేరు సర్టిఫికెట్లను పక్కన పెట్టనివ్వకండి. బండి ప్రాణాన్ని కాపాడే రేడియో బండివాడి తిరుగుడును లెక్కగట్టే రేడియో కాకూడదు. ఆ రెండింటినీ విడదీయవచ్చని ఈ పని నిరూపించింది. ఇక దాన్ని మన రోడ్లకు తగినట్టు కట్టడం మీ వంతు.